బ్రౌన్ షుగర్ దొరక్కపోతే: మూడు పాళ్లు చక్కెర, ఒక పాలు బెల్లం

మీరు అడిగింది ఇదీ. చాక్లెట్ చిప్ కుకీల రెసిపీలో ఒక కప్పు బ్రౌన్ షుగర్, అదీ నొక్కి కొలిచింది, వేయమని ఉంది. హన్మకొండలో రెండు మూడు దుకాణాల్లో అడిగితే టీలో వేసుకునే గోధుమరంగు పెద్ద పలుకుల చక్కెర చేతిలో పెట్టారు. దాంతో చేస్తే కుకీలో పలుకులు పంటికింద కరకరలాడాయి. మరోసారి బ్రౌన్ షుగర్ బదులు మొత్తం బెల్లం తురుము వేశారు. పిండి ట్రే అంతా పరచుకుపోయి అంచులు మాడాయి, నడుమ పచ్చిగా మిగిలింది. ఇంట్లోనే చేసుకునే దారి ఉందా, మేడారం జాతర నుంచి తెచ్చిన బంగారం, అంటే అక్కడ మొక్కుగా చెల్లించే బెల్లం, ఇంట్లో చాలా ఉంది అది పనికొస్తుందా, షుగరున్న మామగారికి ఈ కుకీలు పెట్టొచ్చా అని కూడా అడిగారు.

దారి ఉంది. నేను హన్మకొండలోనే ఆర్డర్ల మీద కుకీలు, కేకులు చేస్తాను, బ్రౌన్ షుగర్ ఏళ్లుగా ఇంట్లోనే తయారుచేసుకుంటున్నాను. బరువులో మూడు పాళ్లు తెల్ల చక్కెర, ఒక పాలు ముదురు రంగు బెల్లం. బెల్లాన్ని కరిగించి, వడకట్టి, పాకం పట్టి, ఆ పాకాన్ని చక్కెర పలుకులకు పట్టించాలి. మొత్తం బెల్లమే వేస్తే కుకీకి కుదరదు. ఎందుకు కుదరదో తెలుసుకుంటే రేపు వేరే రెసిపీ ఎదురైనా మీరే సవరించుకోగలరు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

చెరకు రసాన్ని కాచి చిక్కబరిస్తే చక్కెర పలుకులు కడతాయి. ఆ పలుకుల చుట్టూ నల్లటి చిక్కటి ద్రవం ఉంటుంది. ఫ్యాక్టరీల్లో దాన్ని వేగంగా తిరిగే యంత్రంలో వేస్తే ద్రవం జల్లెడలోంచి బయటికి పోయి పలుకులు లోపల మిగులుతాయి. ఆ ద్రవమే మొలాసిస్, మన దగ్గర మడ్డి అంటారు. మన ఉత్తర తెలంగాణకు ఇది కొత్త పని కాదు. బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టాక దాని చుట్టూ శక్కర్‌నగర్ అని ఊరే వెలిసింది. 2015 డిసెంబరులో మూతపడేదాకా అక్కడ జరిగింది ఈ పనే: పలుకు ఒక పక్కకు, మడ్డి ఒక పక్కకు. బెల్లం బట్టీలో మాత్రం ఆ విడదీయడం ఉండదు. రసం కాగి కాగి ముద్దయ్యేదాకా ఉంచి అచ్చుల్లో పోస్తారు, మడ్డి అంతా బెల్లంలోనే ఉండిపోతుంది.

బ్రౌన్ షుగర్ ఈ రెండింటికీ మధ్యది. చాలా కంపెనీలు ముందు తెల్ల చక్కెర చేసి, తర్వాత దానికి కొలిచి మొలాసిస్ కలుపుతాయి. లేత రంగు దానిలో బరువుకు సుమారు మూడున్నర శాతం, ముదురు దానిలో ఆరున్నర శాతం మొలాసిస్ ఉంటుంది. అంటే అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా మన వంటింట్లో ఉన్న చక్కెరే. మిగిలిన ఆ కొంచెం ఎక్కడినుంచి తేవాలన్నదే అసలు ప్రశ్న. మన దగ్గర అది బెల్లంలో ఉంది.

ఆ కొంచెం మొలాసిస్ కుకీలో చేసే పని చిన్నది కాదు. అందులో గ్లూకోజు, ఫ్రక్టోజు విడివిడిగా ఉంటాయి. అవి గాలిలోని తడిని పట్టి ఉంచుతాయి కాబట్టి కుకీ మర్నాటికి కూడా నడుమ మెత్తగా, కాస్త సాగుతూ ఉంటుంది. ఉత్త తెల్ల చక్కెరతో చేస్తే పలచగా, కరకరలాడుతూ వస్తుంది. మొలాసిస్‌కు కొంచెం పులుపు గుణం కూడా ఉంది. రెసిపీలో బేకింగ్ పౌడర్ లేకుండా ఉత్త వంటసోడా ఉంటే, ఆ సోడాను లేపేది చాలావరకు ఈ పులుపే. ఇక రంగు, వాసన మీకు తెలిసినవే.

బెల్లంలోనూ ఆ పులుపు ఉంటుంది. పరమాన్నం వండేవాళ్లు గిన్నె పొయ్యి మీంచి దింపి, కాస్త చల్లారాకే బెల్లం కలపడం ఇందుకే. కాగే పాలలో బెల్లం వేస్తే విరిగిపోతాయని మన అమ్మమ్మలకు తెలుసు. కాకపోతే బట్టీలో రసం శుభ్రం కావడానికి సున్నం వేస్తారు. అది ఎక్కువ పడితే ఆ పులుపు బాగా తగ్గిపోతుంది. ఏ బెల్లంలో ఎంత పడిందో కొనేటప్పుడు మనకు తెలియదు. అందుకే నేను పాకంలో కొంచెం నిమ్మరసం వేస్తాను, ఆ వివరం కింద రాశాను.

ఇప్పుడు మీ బెల్లం కుకీల సంగతి. బెల్లంలో సుక్రోజు, అంటే మామూలు చక్కెర, 65 నుంచి 85 శాతం దాకా ఉంటుంది, విడి గ్లూకోజు ఫ్రక్టోజులు 10 నుంచి 15 శాతం, మిగతాది నీరు, ఖనిజాలు. 200 గ్రాముల మెత్తటి బెల్లంలో సుమారు ఒక టేబుల్‌స్పూను నీరే ఉంటుంది. రెసిపీ రాసినవాళ్లు లెక్కలో పెట్టని నీరు అది. పిండి పలచనై పరచుకుపోయింది. విడి ఫ్రక్టోజు తెల్ల చక్కెర కన్నా తక్కువ వేడికే రంగు తిరిగి మాడడం మొదలుపెడుతుంది, అందుకే నడుమ ఉడకకముందే అంచులు నల్లబడ్డాయి. పైగా వెన్నతో చక్కెర గిలక్కొట్టేటప్పుడు గట్టి పలుకుల కొసలు వెన్నలోకి గాలిని చొప్పిస్తాయి. బెల్లం తురుము మెత్తగా వెన్నకు అతుక్కుపోతుంది తప్ప గాలి పట్టదు. ఓవెన్ తప్పు కాదు, మీ చేతి తప్పు కాదు.

టీ చక్కెర సంగతి వేరు. దానికీ మొలాసిస్ పూత ఉంటుంది కానీ పలుకు పెద్దది, పొడిగా ఉంటుంది. కుకీ పిండిలో దాన్ని కరిగించేంత నీరు ఉండదు. మిగిలింది పారేయకండి. మిక్సీలో రవ్వలా పట్టి కేకుల్లో వాడుకోవచ్చు, లేదా కుకీల మీద పైన చల్లుకోవచ్చు.

మూడుకు ఒకటి అనే లెక్క ఎక్కడిదంటే, బెల్లంలో ముప్పావు వంతు ఎలాగూ చక్కెరే. మనకు కావలసిన మడ్డి భాగం మిగిలిన పావులోనే ఉంది. నాలుగు పాళ్లలో ఒక పాలు బెల్లమైతే ఆ మడ్డి గుణాలు దాదాపు లేత బ్రౌన్ షుగర్‌లో ఉన్నంత వస్తాయి, తడి మాత్రం అదుపులో ఉంటుంది. ముదురు బ్రౌన్ షుగర్ అడిగిన రెసిపీకి, అంటే ప్లమ్ కేకు, అల్లం కుకీలు, మాంసానికి పట్టించే తీపి మసాలాలు, ఇలాంటివాటికి రెండు పాళ్లు చక్కెర, ఒక పాలు బెల్లం తీసుకోండి. అంతకు మించి బెల్లం పెంచితే అది ఇక బెల్లంలాగే ప్రవర్తిస్తుంది.

బెల్లం ఎంపికలోనే సగం రుచి ఉంది. పసుపుపచ్చగా మెరిసే బెల్లం చూసి మోసపోకండి. ఆ రంగు కోసం చాలా చోట్ల హైడ్రోస్ కలుపుతారు, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. అది రంగును విరిచేస్తుంది. అలాంటి బెల్లం కొన్నాళ్లు గాలికి ఉంటే మళ్లీ రంగు ముదురుతుంది. కుకీకి మనం వెతుకుతున్నదే ఆ ముదురు రంగూ వాసనా, కాబట్టి వెలిసిన బెల్లానికి ఎక్కువ డబ్బు పెట్టి కొనడంలో అర్థం లేదు. ఇటుక రంగుకు, కాఫీ రంగుకు నడుమ ఉన్న అచ్చు తీసుకోండి. చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి: ఉప్పగా తగిలితే వద్దు, చేదుగా మాడు వాసన వస్తే వద్దు. విరిస్తే పెళుసుగా విరిగి లోపల సన్నటి పలుకు కనబడాలి. జిగటగా సాగితే తడి ఎక్కువని లెక్క. కామారెడ్డి బెల్లానికి మన వైపు పేరుంది. అక్కడి సరుకు దొరికితే అడిగి, రుచి చూసి తీసుకోండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ముదురు రంగు అన్నాను కదా అని నల్లబెల్లం కొనకండి. మన ప్రాంతంలో అది ఎందుకు అమ్ముడుపోతుందో అందరికీ తెలుసు, గుడుంబా (నాటుసారా) బట్టీలకు. అందుకే దాని మీదా పటిక మీదా ఎక్సైజ్ వాళ్ల కన్ను ఉంటుంది. తినడానికని శ్రద్ధగా చేసిన సరుకు కాదది. పాడైన బెల్లం, మాడిన బెల్లం, మట్టి కలిసినది కూడా అందులో ఉంటాయి. అలాగే పశువుల దాణాలో కలిపే మడ్డి చవకగా దొరుకుతుందని ఎవరైనా చెబితే అది కూడా వద్దు. మొలాసిస్ అన్న పేరు ఒకటే అయినా మనుషులు తినడానికి శుభ్రం చేసింది కాదు.

మేడారం బంగారం గురించి. రెండేళ్లకోసారి మాఘమాసంలో జాతర అయ్యాక మన వైపు చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. నిలువెత్తు బంగారం తూచి మొక్కు చెల్లించుకున్నవాళ్లు, గద్దెల దగ్గర నుంచి తెచ్చి పంచినవాళ్లు, అందరి ప్రసాదమూ డబ్బాల్లో చేరుతుంది. వాడొచ్చు, మంచిగా పనికొస్తుంది. కాకపోతే ఆ ముద్దల మీద పసుపు, కుంకుమ, గద్దెల దగ్గరి దుమ్ము పట్టి ఉంటాయి. పసుపుకు సోడా తగిలితే ఎర్రబడుతుంది. కుకీ పిండిలో వంటసోడా ఉంటుంది కాబట్టి పసుపు అంటిన బెల్లం అలాగే వేస్తే ఎర్రటి మరకలు తేలతాయి. ముందు కత్తితో పైపొర గీకేయండి. గీకిన పొడిని చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పదు, చెట్టు మొదట్లో వేసేయండి. లోపలి భాగాన్ని తప్పనిసరిగా కరిగించి వడకట్టండి. జాతర బెల్లం జనం చేతుల్లో నలిగి, ఎండకు మెత్తబడి తడి పట్టి ఉంటుంది, కాబట్టి కింద చెప్పినదాంట్లో నీళ్లు రెండు టేబుల్‌స్పూన్లకు బదులు ఒకటి చాలు. పుల్లటి వాసన, నురుగు, బూజు ఉన్న ముద్దలు మాత్రం తినే పనికి పెట్టకండి.

ఇక చేసే పద్ధతి. 300 గ్రాముల చక్కెర, 100 గ్రాముల బెల్లం తూకం వేసుకోండి. తూకమే నమ్మండి, కప్పు కాదు. బెల్లం తురుము కప్పులో వదులుగా పోస్తే ఒక బరువు, అదిమితే ఇంకో బరువు. చిన్న డిజిటల్ తూకం లేకపోతే కిరాణా కొట్టులోనే 100 గ్రాములు తూచి ఇమ్మనండి.

మన కిరాణా చక్కెర పలుకు పెద్దది. మిక్సీలో వేసి ఒక్కో క్షణం చొప్పున తిప్పి ఆపుతూ నాలుగైదు సార్లు చేయండి. సన్న రవ్వంత కావాలి, పొడి కావద్దు. పొడైతే వెన్నతో గిలక్కొట్టేటప్పుడు గాలి పట్టదని పైన చెప్పాను కదా. ఈ రవ్వ చక్కెరను వెడల్పాటి బేసిన్‌లో పోసి పక్కన పెట్టండి.

బెల్లాన్ని నలగ్గొట్టి, మందపాటి గిన్నెలో రెండు టేబుల్‌స్పూన్ల నీళ్లతో చిన్న మంట మీద పెట్టండి. కరిగితే చాలు, మరగనివ్వకుండా దింపి సన్నటి స్టీలు జాలీలో వడకట్టండి. జాలీలో మిగిలింది ఒకసారి వేలితో రాసి చూడండి. చెరకు పోగులు, సన్న ఇసుక, ఒక్కోసారి గడ్డిపోచ కూడా ఉంటుంది. ఈ ఇసుకే కుకీలో పంటికింద పడేది. గిన్నె కడిగి, వడకట్టిన బెల్లం నీళ్లు మళ్లీ అందులో పోసి, అర టీస్పూను నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టండి. నిమ్మరసానికి రెండు పనులు. ఒకటి, పైన అనుకున్న పులుపు. రెండు, పాకంలోని చక్కెర కొంత విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది, అందువల్ల తయారైన బ్రౌన్ షుగర్ తొందరగా రాయి కాదు.

ఇక్కడినుంచి పొయ్యి దగ్గరే ఉండండి. మొదట పెద్ద పెద్ద బుడగలతో నురుగు పైకి పొంగుతుంది, గిన్నె చిన్నదైతే పొర్లుతుంది. కాసేపటికి నురుగు అణిగి, బుడగలు చిన్నవై, చిక్కగా, మెరుస్తూ, నెమ్మదిగా పగులుతుంటాయి. గంటె ఎత్తితే చివరి చుక్క వెంటనే రాలకుండా తీగలా సాగుతుంది. తీగపాకం దాటాక మరో నిమిషం, అంతే. చిన్న పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి ఒక చుక్క వేయండి. నీళ్లలో కరిగిపోకుండా అడుగుకు చేరాలి, వేళ్లతో దగ్గరకు లాగితే మెత్తగా కూడాలి, కానీ ఉండగా నిలబడకూడదు. అరిసెల పాకం పట్టడం వచ్చినవాళ్లకు ఇది చిటికెలో పని, అరిసెలకు కావలసినదానికి కొంచెం ముందే దింపేస్తే సరి. థర్మామీటర్ ఉంటే 112 డిగ్రీల సెల్సియస్ దగ్గర దింపండి. అంతకన్నా పలచగా దింపితే చక్కెర తడిసి ముద్దవుతుంది. బాగా ముదిరిపోతే చల్లారాక చక్కెరలో రాళ్లలా గడ్డలు మిగులుతాయి.

దింపిన పాకాన్ని ఒక్క చోట కుమ్మరించకుండా సన్నటి ధారగా చక్కెర మీద తిప్పుతూ పోయండి. మరో చేత్తో ఫోర్కుతో గానీ చెక్క గరిటెతో గానీ కలుపుతూనే ఉండాలి. ఈ వేడి పాకం చర్మానికి అంటుకుంటే వదలదు, లోతుగా కాలుతుంది. పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి, పూర్తిగా గోరువెచ్చగా అయ్యేదాకా చెయ్యి పెట్టకండి. అప్పుడు వేళ్ల కొసలతో నలపండి. మొదట మచ్చలు మచ్చలుగా ఉంటుంది, ఇది కుదరదేమో అనిపిస్తుంది. నలుపుతున్నకొద్దీ రంగు సమంగా పరుచుకుంటుంది. చివరికి రవ్వ జల్లెడలో వేసి అరచేత్తో రుద్దండి. జల్లెడ మీద మిగిలిన గడ్డల్ని మిక్సీలో కొంచెం చక్కెరతో కలిపి ఒక్క తిప్పు తిప్పితే అవీ కలిసిపోతాయి.

గుప్పెట్లో పట్టి నొక్కితే గుప్పిటి ఆకారం నిలవాలి, వేలితో తడితే విడిపోవాలి. ఇదే సరైన పదును. చెయ్యి జిగటైతే పళ్లెంలో పలచగా పరిచి ఫ్యాను కింద ఉంచండి. వానాకాలం గంట పట్టొచ్చు, మే నెల వరంగల్ ఎండల్లో పది నిమిషాలు చాలు. మరీ పొడిగా అనిపిస్తే అర టీస్పూను వేడినీళ్లు చిలకరించి మళ్లీ నలపండి. ఈ కొలతకు 400 గ్రాముల పైచిలుకు వస్తుంది. నొక్కి కొలిచిన కప్పు బ్రౌన్ షుగర్ సుమారు 215 గ్రాములు, కాబట్టి దాదాపు రెండు కప్పులన్నమాట.

అర్జంటుగా కావాలంటే పాకం లేకుండా కూడా చేయొచ్చు. పెళుసుగా, శుభ్రంగా ఉన్న బెల్లాన్ని సన్నగా తురిమి, మూడింతల చక్కెరతో మిక్సీలో నాలుగైదు తిప్పులు తిప్పి జల్లించండి. ఇసుక భయం ఉంటుంది, పలుకు కూడా అంత సమంగా రాదు, అయినా ఆ పూటకు పని నడుస్తుంది. దుకాణంలో దొరికే బెల్లం పొడితో ఇది మరీ సులువు. ఆ పొడి బాగా ఎండి ఉంటుంది కాబట్టి 400 గ్రాముల మిశ్రమానికి రెండు టీస్పూన్ల నీళ్లు కలపండి.

బెల్లం కాక వేరే దారులు కూడా ఉన్నాయి. తినే మొలాసిస్ సీసా హైదరాబాద్ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోగలిగితే అదే అన్నింటికన్నా సులువు, 200 గ్రాముల చక్కెరకు ఒక టేబుల్‌స్పూను కలిపి నలిపితే లేత రంగుది, రెండు కలిపితే ముదురుది. ఇది కంపెనీల శాతం కన్నా ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే సీసాల్లో ఎక్కువగా దొరికేది లేత రకం, అందులో నీరూ చక్కెరా ఎక్కువ. తేనె కూడా అంతే కొలతలో కలపొచ్చు, మెత్తదనం వస్తుంది, పులుపు ఉంటుంది, కానీ రంగు రాదు, కుకీలో తేనె వాసనే తెలుస్తుంది. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె పడ్డది ఏదీ పెట్టొద్దు, కాల్చినా సరే. చక్కెర మాడ్చిన క్యారమెల్ రంగుకు బాగుంటుంది, ప్లమ్ కేకుకు సరిపోతుంది, కుకీకి కావలసిన మెత్తదనం దాంతో అంతగా రాదు. తాటిబెల్లం దొరికితే మామూలు బెల్లం బదులు అదే కొలతలో వేసి చూడండి. రంగు నల్లగా, వాసన ఘాటుగా వస్తుంది, చాక్లెట్‌తో చాలా బాగా కలుస్తుంది. నాకు చాక్లెట్ కుకీలకు అదే ఇష్టం.

అరటిపండు కేకు, క్యారెట్ కేకు, ఓట్స్ బార్లు లాంటివాటికి ఇంత శ్రమ అక్కర్లేదు. వాటి పిండి ఎలాగూ తడిగా ఉంటుంది, గిలక్కొట్టే పని తక్కువ. నేరుగా బెల్లమే వేసి, రెసిపీలోని పాలు గానీ నీళ్లు గానీ రెండు టేబుల్‌స్పూన్లు తగ్గించండి. ఈ బ్రౌన్ షుగర్ శ్రమంతా కుకీలకు, బ్రౌనీలకు, కేకు పైన చల్లే పొడిపొడి పొరకు మాత్రమే.

నిల్వ. బ్రౌన్ షుగర్ గట్టిపడేది తడి ఆరిపోవడం వల్ల. అందుకని బిగుతు మూతున్న గాజు సీసా కావాలి. మన ఎండాకాలంలో అదొక్కటే చాలదు. దీపావళికి కొన్న మట్టి ప్రమిద, నూనె అంటని కొత్తది, కడిగి పావుగంట నీళ్లలో నానబెట్టి, బట్టతో తుడిచి సీసాలో చక్కెర పైన పెట్టండి. మట్టి తాగిన నీటిని కొంచెం కొంచెంగా వదులుతుంది. విదేశాల్లో ఇదే పనికి కాల్చిన మట్టి బిళ్లలు ప్రత్యేకంగా అమ్ముతారు, మనకు ప్రమిద చాలు. పది పన్నెండు రోజులకోసారి మళ్లీ నానబెట్టాలి. వానాకాలంలో ప్రమిద తీసేయండి, లేకపోతే చక్కెర చెమ్మగిల్లి బూజు పడుతుంది. గడ్డకట్టినా పారేయాల్సిన పని లేదు. గిన్నెలో వేసి పైన తడి గుడ్డ కప్పి మైక్రోవేవ్‌లో ఇరవై సెకన్లు పెట్టి వెంటనే నలపండి. మైక్రోవేవ్ లేకపోతే అదే తడి గుడ్డ కప్పి రాత్రంతా వదిలేస్తే తెల్లారికి మెత్తబడుతుంది. చీమల కోసం సీసాను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి.

మామగారి గురించి అడిగారు. తెల్ల చక్కెర, బ్రౌన్ షుగర్, బెల్లం, మూడింటికీ 100 గ్రాములకు 380 కేలరీలకు అటూ ఇటూనే. రక్తంలో చక్కెర పెంచడంలో బ్రౌన్ షుగర్ గానీ బెల్లం గానీ షుగరున్నవాళ్లకు మేలు చేసే తేడా ఏదీ చూపవు. బెల్లంలో ఇనుము, ఖనిజాలు ఉన్న మాట నిజమే, కానీ ఒక కుకీలో పడే బెల్లం ఎంతని. మీ రెసిపీలో ఒక కప్పు బ్రౌన్ షుగర్‌తో పాటు అర కప్పు తెల్ల చక్కెర కూడా ఉందని రాశారు, రెండూ కలిపి 315 గ్రాములు. ముప్పై కుకీలు వస్తే ఒక్కో దాంట్లో పది గ్రాముల పైనే, అంటే సుమారు రెండున్నర టీస్పూన్ల చక్కెర, దానిమీద మైదా. బెల్లం వేశాం కదా ఏమీ కాదులే అని మాత్రం ఆయనకు పెట్టకండి. ఆయన తింటారా లేదా, తింటే ఎంత అన్నది ఆయన డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం.

మీ కుకీలకు మార్పులు చెబుతాను. 215 గ్రాముల ఈ మిశ్రమం తూచి వేయండి, అర కప్పు తెల్ల చక్కెర అలాగే ఉంచండి. వెన్న వేలు పెడితే దిగేంత మెత్తగా ఉండాలి, కరిగి ఉండకూడదు. మన ఎండాకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసిన పది పదిహేను నిమిషాలకే ఆ పదును వచ్చేస్తుంది. చక్కెరలు రెండూ వేసి మూడు నిమిషాలు గిలక్కొట్టండి, రంగు తేలికపడి ఉబ్బినట్టు కనబడుతుంది. వంటసోడా రెసిపీలో చెప్పినంతే వేయండి, పాకంలో నిమ్మరసం పడింది కాబట్టి అది పని చేస్తుంది. పిండి కలిపాక కనీసం గంటసేపు, వీలైతే రాత్రంతా, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఈ ఒక్క పనితోనే పరచుకుపోవడం చాలావరకు ఆగుతుంది. వెన్న గట్టిపడుతుంది, మైదా తడి పీల్చుకుంటుంది.

ఓటీజీలో, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, రెసిపీ 175 డిగ్రీలంటే 165 పెట్టండి, మధ్య అరలో ట్రే పెట్టండి, పది పన్నెండు నిమిషాలు. అంచులు బంగారు రంగు తిరిగి నడుమ ఇంకా మెత్తగా, కొంచెం పచ్చిగా ఉందేమో అనిపించినప్పుడే తీసేయాలి. ట్రే మీదే ఐదు నిమిషాలు వదిలితే మిగతా ఉడుకు ఆ వేడికే పూర్తవుతుంది. నడుమ గట్టిపడేదాకా లోపల ఉంచితే చల్లారాక బిస్కెట్టు అవుతుంది. మొదట రెండు కుకీలే కాల్చి చూడండి. పరచుకుపోతే మిగతా పిండిలో రెండు టేబుల్‌స్పూన్ల మైదా కలపండి, ఉబ్బుగా నిలబడిపోతే ట్రేలో పెట్టేటప్పుడు అరచేత్తో కొంచెం అదమండి. మిగిలిన పిండి ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటుంది.